కోటు గుండీల వరస

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను, కానీ ఒళ్ళు మండిపోతోంది. ఇక్కడి ఆసుపత్రి నర్సులకు లెక్కల్ని బొమ్మల్లో చూపడం నేర్పుతున్నానని రాశాను కదా. నిన్న నువ్విచ్చిన డబ్బాలోంచి వార్డుకో గుప్పెడు గుండీలు పంచి, ఈ నెల జారిపడిన రోగికొకటి చొప్పున అట్ట మీద వరసగా అంటించమన్నాను. మూడో వార్డు చేతికి పెద్ద పెద్ద కోటు గుండీలు వెళ్ళాయి. వాళ్ళవి ఏడే. పక్క వార్డువి పదకొండు, అన్నీ చొక్కా గుండీలు. అయినా ఏడింటి వరసే పొడుగు. అటుగా వచ్చిన సూపరింటెండెంటు అది చూసి, మూడో వార్డు పెద్ద నర్సును అందరి ముందూ కడిగేశాడు. "ఒకసారి లెక్కపెట్టండి సార్" అన్నాను. "కళ్ళెదుట కనపడుతుంటే లెక్కెందుకమ్మా" అనేసి పోయాడు. ఈయన చేతిలోనా అన్ని వార్డులూ ఉన్నది?

నీ కుట్టు కొట్లో ఒకే సైజు గుండీలు ఓ యాభై ఉంటే వెంటనే పంపు. ఈసారి ఆయన చేతే అంటింపిస్తాను. వంటింటి కుళాయి బాగుచేయించావా? బావ దగ్గు తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

గుండీలు చూడకుండా పంచింది నేనేనని తర్వాత ఆ నర్సు దగ్గర ఒప్పుకున్నాను. "ఆ మాట ఆయన ఉన్నప్పుడు అనాల్సింది మేడమ్" అంది.

నీ చెల్లెలు