ఐసులో పెట్టిన మందు

సీతమ్మధార, విశాఖపట్నం
8-5-2004

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ఇక సూదులుండవని పేపర్లో మా లాబ్ ఫోటో కింద రాసింది చూసి అమ్మ ఇన్సులిన్ మానేసిందని నువ్వు రాస్తే ఒళ్లు మండిపోయింది. కార్డు అందగానే మళ్లీ మొదలుపెట్టించు. మింగే ఇన్సులిన్ మా దగ్గర లేదు.

ఒంట్లో వాటంతటవే కరిగిపోయే సన్నటి రేణువుల్లో ఇన్సులిన్ నింపి, కంటికి కనబడేలా పచ్చగా మెరిసే రంగు కలిపి, పేగు కణాల్లోకి పంపాలని మా ప్రయత్నం. ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారని, ఫ్రిజ్‌లో కూల్ డ్రింకులకు చోటు చేయడానికి అటెండరు దొరబాబు ఆ ఇన్సులిన్ తీసి ఐసు అరలో పెట్టేశాడు. గడ్డకడితే అది పనికిరాదని అరిచాను. "ఏటమ్మా అలా అరుస్తావు? ఐసులో ఎడితే సేపలే పాడవ్వు, ఇదేటి పాడైపోద్ది?" అన్నాడు. అతనికి తెలీదు. అన్నీ తెలిసిన మా సారు మాత్రం రేణువుల్లో ఆ గడ్డకట్టినదాన్నే నింపమన్నారు. "పచ్చగా మెరిస్తే చాలమ్మా, వాళ్లు చూసేది అదే" అన్నారు. మైక్రోస్కోపు కింద రేణువులు కణాల్లోకి వెళ్లి మెరిశాయి. పెద్దలు చప్పట్లు కొట్టారు. లోపలికెళ్లిన మందు పనిచేస్తుందా అని ఒక్కరూ అడగలేదు. మీరు చూసిన ఫోటో అదే.

అమ్మ మందు నీళ్లకుండ పక్కన తడిగుడ్డలోనే ఉంచు. పక్కింటివాళ్లు మంచికే చెప్పినా వాళ్ల ఐసు అరలో పెట్టనివ్వకు. అమ్మ కాలి పుండు మానిందా? బావగారికి నైట్ డ్యూటీ తప్పిందా? నా నూలు చీరలు ఎవరైనా వస్తే పంపు, ఇక్కడ ఉక్క భరించలేకపోతున్నాను.

అమ్మకి నా దండాలు చెప్పు. సూది వేశాకే చెప్పు.

మధులత