కర్పూరం ఆర్పిన చెయ్యి

కర్నూలు,
బుధవారం పొద్దున.

పెద్దన్న కాళ్లకు మొక్కి తమ్ముడు సుంకన్న రాసేది. ఈడ నా ఒళ్లు బాగానే ఉండాది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుండాది? వదిన, పిల్లోళ్లు, ఎద్దులు అంతా బాగుండారని తలుస్తాండా. దిగులుపడొద్దు, నాకేం కాలేదు. అయితే ఈ జాబు ఒక్కడివే కూర్చుని చదువుకో.

మన ఊరి ప్రెసిడెంటు తిమ్మప్ప మామ ఎమ్మెల్యే అయినప్పట్నుంచి ఆయనకు వండిపెడతా ఈడనే ఉండా గదా. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి కొత్త రాజధాని గదా, ఇండ్లు చాలక మాకు గుడారం ఇచ్చినారు. ఎండకు పెనం మాదిరి కాలుతాండె. మూడు పూటలా వరన్నమే, నాకేమో జొన్నరొట్టె మీదనే పానం. అయినా సంతోషంగానే ఉంటి. చావిట్లో గట్ల తగాదాలు తీర్చిన మనిషి అసెంబ్లీలో లేచి మన ఊరికి కాలువ నీళ్లు అడిగినాడంటే నాకు ఏడుపొచ్చింది.

నాలుగు దినాల కిందట మంత్రి మనుషులు కారేసుకొని వచ్చి మామను, నన్ను ఊరి బయట ఒక బంగళాకు తెచ్చినారు. ఇంకా ఆరుగురు ఎమ్మెల్యేలు ఉండారు. గేటు కాడ కావలి. పాలు పోసే ఆయప్పను తప్ప ఎవర్నీ రానీరు, పోనీరు. రేపు సర్కారు ఉండాల్నా పోవాల్నా అని ఓటు. మామ మన పక్షాన్ని వదిలేసి సర్కారు ఉండాలని మంత్రి దిక్కు చెయ్యెత్తుతాడు.

నిన్న అన్నం పెడతా అడిగేసినా. "మామా, పక్షం మారనని చౌడమ్మ తల్లి గుళ్లో కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తివి గదా?"

ఆయన నిమ్మళంగా చారు కలుపుకుంటా, "ఆర్పింది నేనా? బాగా గుర్తు తెచ్చుకో. మంట మీద పెట్టింది మీ అన్న చెయ్యి. నాది పైన ఉండె. బొబ్బ ఎవరికి లేసింది?" అన్నాడు.

నిజమేన్నా. ఆ పొద్దు ఆయన జంకితే నువ్వే ముందుకు పోయి అరచెయ్యి పెడితివి. ఆయన నీ చేతి మీద చెయ్యేసె. ఊరంతా నిన్ను చూసి ఓట్లేసిరి. ఇప్పుడు ప్రమాణం తప్పిందెవరని అంటే నిన్నే చూపిస్తారు. ఏరు దాటి తెప్ప తగలేసినాడు, ఆ తెప్పవు నువ్వే. ఎదుటి పార్టీ సంగతి అట్లుండనీ, మనోళ్లే నీ మీద కట్టె ఎత్తుతారు. నాకు శానా బయమైతాంది.

అందుకే పేపరు మన పక్కన కోయిలకుంట్లకు రాకముందే నువ్వే చావిట్లో నిలబడి ఈ సంగతి చెప్పు. ఇంట్లో దాక్కోవద్దు. దాక్కుంటే నీకు ముందే తెలుసనుకుంటారు. పాలాయన ఈ జాబును బస్సు డ్రైవరు చేతికి ఇస్తానన్నాడు.

ఇంకో మాట. నిన్న సాయంత్రం మంత్రి మనిషి నాకు గూడా ఒక కాగితం తెచ్చినాడు. కర్నూలు ఆఫీసులో బంట్రోతు పని, ఖాకీ గుడ్డలు, వానలు పడకున్నా నెలనెలా జీతం. నేను వద్దనలేదన్నా. నువ్వు నేర్పించిన సంతకమే పెట్టినా. చావిట్లో ఎవరైనా, నీ తమ్ముడు గూడా ఆడనే ఉండాడు గదప్పా అంటే, వాడు నాకు తమ్ముడే కాదని చెప్పు. గట్టిగా చెప్పు, అప్పుడే నిన్ను నమ్ముతారు. అమ్మను మాత్రం ఆ పొద్దు చావిడి దిక్కు రానీయొద్దు.

పెద్దోళ్లందరికీ నా దండాలు. పిల్లోళ్లకు ముద్దులు.

ఇట్లు,
నీ తమ్ముడు
సుంకన్న