అరబిక్ తీసెయ్యమన్నాను

12 మార్చి 2008, బుధవారం

నేనూ మా స్కూల్లో తోటి టీచర్ నసీమున్నీసా కలిసి రాసిన టెన్త్ జామెట్రీ పుస్తకం సగంలో ఆగింది. కంప్యూటర్‌లో చోటు లేదు. మనవరాలు అన్విత దాన్ని లైనక్స్‌లో, లాటెక్ అనే ప్రోగ్రాంతో కంపోజ్ చేస్తోంది. ఆ ప్రోగ్రాంతోపాటు మనకు పనికిరాని భాషలు బోలెడు వచ్చి కూర్చున్నాయట.

ఒక్కో పేరూ చదివించాను. పోలిష్. తీసెయ్. హంగేరియన్. తీసెయ్. గ్రీక్ దగ్గర మాత్రం కోణాలకు రాసే తీటా గుర్తు పోతుందేమోనని ఆగాను. అది లెక్కల గుర్తుల్లో వేరేగా ఉంటుందంది అన్విత. అయితే తీసెయ్. అరబిక్. మనింట్లో ఎవరికే, తీసెయ్ అన్నాను. మంగోలియన్ దగ్గరకొచ్చేసరికి కరెంటు పోయింది.

14 మార్చి

పుస్తకం పూర్తయింది. మొదటి పేజీ నసీమ్‌కు పంపాను.

15 మార్చి, సాయంత్రం

నసీమ్ వచ్చింది. పుస్తకం వాళ్ళమ్మ గుల్జార్ బేగం గారికి అంకితం. చుట్టాలంతా వద్దన్నా కూతుర్ని కాలేజీకి పంపిన మనిషి. ఆవిడ పేజీ మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి వెతికి, నా పేరేదే అన్నారట. ఆవిడకు వచ్చింది ఉర్దూ ఒక్కటే. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ మసక. నేను చదివి వినిపించినా నమ్మడం లేదు కనకం, ఆ ఒక్క లైనూ ఉర్దూలో పెట్టించవే అంది నసీమ్. దానికేం, పెట్టిస్తానన్నాను. సోమవారం ప్రెస్‌కు ఇవ్వాలి.

ఆమె వెళ్ళాక అన్విత మెల్లిగా చెప్పింది. ఉర్దూ అక్షరాలు కూడా ఆ అరబిక్‌లోనే ఉన్నాయట. లిస్టులో ఉర్దూ అని పేరు వినబడితే ఉంచమనేదాన్నే.

అన్నం సహించలేదు.

16 మార్చి, ఆదివారం

ఆ భాషలన్నీ ఉన్న డీవీడీ గుంటూరులో అన్విత స్నేహితురాలు తేజశ్రీ దగ్గరుంది. నేనే తీసుకొస్తానంది పిల్ల. తీసెయ్యమన్నది నేను కదా, నేనూ బయల్దేరాను. బస్సు మిర్చి యార్డు దాటుతుంటే ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు. కొంగు అడ్డం పెట్టుకో పెద్దమ్మా, ఈ దారి కొత్తా ఏంటి అన్నాడు కండక్టరు. కొత్త కాదు. తుడుచుకోవాలనిపించలేదు, అంతే.

17 మార్చి

అరబిక్ మళ్ళీ ఎక్కింది. నసీమ్ పక్కన కూర్చుని అక్షరం అక్షరం సరిచూసింది. పేజీ తీసుకుని ఇంటికి వెళ్ళి ఫోన్ చేసింది. గుల్జార్ బేగం గారు ఈసారి కుడివైపు నుంచి వేలు కదిపారట, ఆగారట, పైకి చదువుకున్నారట. చదివి, ఇంత చిన్నగా వేశారేం, టీచర్లిద్దరికీ కాగితం కరువొచ్చిందా అన్నారట. నసీమ్ నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్‌లో తెలియలేదు.

పెద్దది చేయించాను. ప్రెస్‌కు రేపు ఇస్తానని చెప్పాను.

18 మార్చి

మళ్ళీ చోటు చాలడం లేదు, మంగోలియన్ తీసెయ్యనా అమ్మమ్మా అంది అన్విత.

ఉంచమన్నాను. అక్కడ ఎవరి అమ్మ వేలు పెట్టి వెతుక్కుంటోందో.