మూడు గాట్ల దిమ్మ

అనివియే లోయ, పై ఊరు
10 జనవరి 1988

ప్రియమైన నా ఒడీల్ తల్లికి,

నీ ఉత్తరం నిన్న పోస్టు బస్సులో వచ్చింది. నాలుగుసార్లు చదివాను. ఐదోసారి పక్కింటి బాతిస్త్ చేత చదివించుకున్నాను, ఆ మాట వాడి నోట వినాలని. "వెర్బియేలో షాలే మెలేజ్ విడిది వంటగదికి ఈ చలికాలం నేనే పెద్ద" అని రాసిన చోట వాడు ఆగిపోయాడు.

"అక్కడ గిన్నెలు కడిగే పిల్ల కదూ?" అన్నాడు.

"కడిగింది. ఆరేళ్ళు కడిగింది. ఇప్పుడు తను వండితే కడగడానికి వేరేవాళ్ళున్నారు" అన్నాను. వాడి మొహం చూడాల్సింది నువ్వు.

తల్లీ, నా సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇరవై ఏళ్ళ వయసులో చలికాలాల్లో నేనూ మంచు మీద జారడానికొచ్చే దొరల పెట్టెలు, స్కీలు మోశాను. హోటల్ వెనక తలుపు దగ్గర మాకో గిన్నెడు సూప్ పోసేవాళ్ళు. తలుపు తెరిచినప్పుడల్లా లోపల్నుంచి వెన్న వాసన, గాజు గ్లాసుల చప్పుడు. ముందు గదిలో ఏం తింటారో ఈనాటికీ నాకు తెలియదు. నువ్వు చెప్పాలి, ఒక్కొక్కటీ.

ఉండబట్టలేక నేలమాళిగలోకి దిగి చీజ్ దిమ్మలన్నీ ఉప్పునీళ్ళ గుడ్డతో తుడిచాను. అరల్లో పై చెక్క మీద నా దిమ్మ ఒక్కటే కూర్చుని ఉంది. మా పెళ్ళయిన వేసవి, 1949లో, కొండ మీద ఒకే కాగు పాలతో చేశాను ఆ రెండూ, మీ అమ్మకొకటి, నాకొకటి. మనవాళ్ళ లెక్క నీకు తెలుసుగా, ఎవరు పోతే వాళ్ళ దిమ్మని, వాళ్ళని పాతిపెట్టిన రోజున, ఊరంతా తినాలి. అమ్మది తినేసి ఎనిమిదేళ్ళయింది. ఆ జాగా అలాగే ఖాళీగా వదిలేశాను. "విన్నావా, పిల్ల పెద్ద వంటమనిషైంది" అని నా దిమ్మకి కూడా చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పాలి కదా.

సంతోషంతో నిద్ర పట్టని
నాన్న, సిప్రియెన్

*

వెర్బియే, షాలే మెలేజ్
21 ఫిబ్రవరి

ప్రియమైన నాన్నా,

ఒక్కొక్కటీ చెప్పమన్నావుగా, విను. నాలుగింటికి అతిథులు మంచులోంచి వస్తారు. వాళ్ళ బూట్లు వెచ్చబెట్టడానికి ఒక గది ఉంది. స్నానాలగదిలో నేల కూడా వెచ్చగా ఉంటుంది, మన ఆవులకి కూడా అంత సుఖం లేదు. బయట దేవదారు తొట్టిలో వేడినీళ్ళలో కూర్చుని, తల మీద మంచు పడుతుంటే వైన్ తాగుతారు. ఏడున్నరకి భోజనం. మొదట సరస్సు చేప, పైన ముండ్ ఊరి కుంకుమపువ్వు. తర్వాత జింక మాంసం, నువ్వు ఎండబెట్టి పంపిన పుట్టగొడుగులతో. చివర చీజ్, ఆపైన బేరిపండు మంచుముద్ద. పళ్ళెం వెళ్ళేముందు దాని అంచు నేనే తుడుస్తాను. ఆరేళ్ళు కడిగిన చెయ్యి కదా, మచ్చ ఉంటే ఊరుకోదు.

నవ్వుతున్నావా? ఇక అసలు సంగతి. ఆంట్‌వెర్ప్ నుంచి మొస్యూ వాన్‌హూక్ అని ఒక పెద్దాయన వస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఈస్టర్ వారం ఈ షాలే మొత్తం ఆయనదే. ఈసారి ఫిబ్రవరిలో కూడా వచ్చాడు. అన్నీ తిన్నాడు, చీజ్ పళ్ళెం మాత్రం వెనక్కి నెట్టాడు. "అమ్మాయ్, ఇది సబ్బు. రుచితో మనిషిని ఏడిపించే చీజ్ ఈ కొండల్లో ఒకప్పుడు ఉండేది" అన్నాడు.

యజమానురాలు మదామ్ బ్యూర్నియే మర్నాడు నన్ను పిలిచింది. "ఈస్టర్ శనివారం విందు ఆయన మెచ్చితే ఈ వంటగది ఏడాది పొడుగునా నీది. లేదంటే ఏప్రిల్‌లో లియోన్ నుంచి ఒకాయన వస్తాడు. నువ్వు మళ్ళీ గిన్నెల తొట్టి దగ్గరికి" అంది. కోపంతో కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

నాన్నా, కింది చెక్క మీద పదేళ్ళ దిమ్మ ఒకటి ఉండాలి. పంపుతావా? మళ్ళీ ఆ తొట్టి దగ్గరికి వెళ్ళలేను.

నీ ఒడీల్

*

పై ఊరు
24 మార్చి

ప్రియమైన తల్లీ,

దిమ్మని గడ్డిలో చుట్టి, నా పాత ఉన్ని చొక్కా తొడిగి, పోస్టు బస్సు డ్రైవరుకి అప్పగించాను. "చంటిపిల్లా?" అన్నాడు. "అంతకంటే జాగ్రత్త" అన్నాను.

కత్తితో ముక్కలు కొయ్యకు. వడ్రంగి చెక్క గీసినట్టు పల్చగా గియ్యి. గంట ముందే తీసి వెచ్చగా ఉంచు. తేనె, అత్తిపండు, ఆకులు, అలాంటి అలంకారాలేవీ వద్దు. తోలు మీద బూడిద పూశాను, కడగబోకు. ఒక అంచు కొంచెం తెగి ఉంటుంది, ఎలుక అనుకో.

కళ్ళు కాస్త మసకలేస్తున్నాయి, ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోకు.

నీ కోసం కొవ్వొత్తి వెలిగించిన
నాన్న

*

వెర్బియే
4 ఏప్రిల్

నాన్నా,

ముందు మంచి మాట. పన్నెండు మంది కూర్చున్నారు. చీజ్ పళ్ళెం వెళ్ళింది. తలుపు సందులోంచి చూశాను. మొస్యూ వాన్‌హూక్ ఒక పొర నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి చెవిలో "బంగాళాదుంప ఉందా, తొక్కతో ఉడికించింది?" అన్నాడు. అంత వెండి సామాను మధ్య ఆయనకి వేడి దుంపలు తెచ్చిపెట్టాను. మూడు తిన్నాడు. మదామ్ వంటింట్లోకి వచ్చి కాగితం బల్ల మీద పెట్టింది. ఏడాది పొడుగునా నాదే.

ఇంకా సంతకం పెట్టలేదు.

ఎందుకంటే, వాళ్ళు తింటుండగా గీసిన చోట మిగిలిన పొడి నేను నాలుక మీద వేసుకున్నాను. ఆ రుచి నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ క్రితం అమ్మని మట్టిలో పెట్టి వచ్చి, నల్లబట్టల్లో నిలబడి తిన్న రుచి. బూడిద తుడిచి చూశాను. మన ఇంటి గుర్తు, మూడు గాట్లు, కింద 1949.

కళ్ళు మసకన్నావు. చీకట్లో పై చెక్కా కింది చెక్కా పోల్చుకోలేకపోయావు, నేను అడిగాననే తొందరలో. నీ కడపటి రోజుకి నువ్వు దాచుకున్నది, ముప్పై తొమ్మిదేళ్ళు తుడిచినది, ఎవరో తెలియని మనుషులకి గీసి పెట్టేశాను. దాంతో కొనుక్కున్న ఉద్యోగం నాకెందుకు? నువ్వు వద్దంటే తొట్టి దగ్గరికే వెళ్తాను. శనివారం దాకా గడువు అడిగాను.

తప్పు చేసిన నీ
ఒడీల్

*

పై ఊరు
7 ఏప్రిల్

నా పిచ్చి తల్లీ, నా బంగారమా,

ఇది అందగానే సంతకం పెట్టు. పెట్టాక మిగతాది చదువు.

పెట్టావా?

నా కళ్ళకేం రోగం లేదు. బూడిద పూసింది ఆ గాట్ల కింద ఏడాది నువ్వు చూడకూడదనే. చూస్తే గియ్యవని తెలుసు. పై చెక్క మీంచి నా రెండు చేతులతో నేనే దించాను. కింది చెక్క మీద ఉన్నది మంచిదే, కానీ ఏడిపించేది కాదు.

ఒకటి చెప్పనా, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. అమ్మని సాగనంపిన రోజు మీరందరూ తిన్నారు. నేను తినలేదు. నా పొరని రొట్టె కింద దాచి, తర్వాత కుక్కకి పెట్టాను. ఆ వేసవి మీ అమ్మ కాగు కింద కట్టెలు ఎగదోస్తూ, జుట్టంతా పొగ వాసనతో, "ఇది మనం రుచి చూసేది ఎప్పుడు?" అని అడిగింది. "చచ్చాక" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. "అయితే మనిద్దరం తప్ప అందరూ తింటారన్నమాట" అని నవ్వింది. ఆ నవ్వు ఎనిమిదేళ్ళుగా ఆ చెక్క మీద కూర్చుని నన్నే చూస్తోంది.

నీ ఉత్తరం వచ్చాక దిమ్మ దించి, ముందు ఒక అంచు కోశాను. ఆ ఎలుక నేనే. కాగు పక్కనే కూర్చుని తిన్నాను. ఆ కొండ గడ్డి, ఆ పొగ, అంతా ఉంది తల్లీ, ఏదీ ఎక్కడికీ పోలేదు. ఇంత బాగా చేశానని నాకే తెలియదు.

మిగతాది నీకు పంపాను. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి. నా దిమ్మ ముందు గదిలోకి వెళ్ళింది, నా కూతురి చేతి మీద. ఇంకేం కావాలి నాకు?

బాతిస్త్‌కి సంగతి తెలిసింది. "మరి నీ చావు భోజనానికి మాకేం పెడతావ్?" అన్నాడు.

"ఉడికించిన దుంపలు. నచ్చకపోతే నాకంటే ముందు నువ్వు పో" అన్నాను.

కానీ వాడి మాటలోనూ న్యాయం ఉంది. పై చెక్క ఖాళీగా ఉండకూడదు. జూలైలో మదామ్‌ని రెండు రోజులు సెలవడుగు, ఏడాది పొడుగు వంటమనిషివి, ఇస్తుంది. ఆవులు కొండెక్కుతాయి. కాగు తోమి ఉంచుతాను. కట్టెలు నువ్వు ఎగదొయ్యి, గాట్లు నీ చేత్తో పెట్టు.

అయితే ముప్పై ఏళ్ళన్నా పండకపోతే దాంట్లో రుచి రాదు. అందుకని అప్పటిదాకా నాకు పోవడానికి వీల్లేదు.

అంచు తిన్న ఎలుక,
మీ నాన్న