టాఫీ క్షేమం

గాజువాక,
16 సెప్టెంబరు 2025, మంగళవారం.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ధనశ్రీకి,

మీ అత్తయ్య వరహాలమ్మ చల్లగా ఉండమని దీవించి రాయునది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. ముగ్గురెవరని అనుకునేవు, నేనూ, నీ భర్త వీరేంద్రా, మా టాఫీ. మీ అక్క అనూరాధా, మీ బావగారూ, పిల్లలూ, నువ్వూ సింహాద్రి అప్పన్న దయవల్ల బాగున్నారని తలుస్తాను. ఆనందపురంలో వానలెలా ఉన్నాయి? ఇక్కడ రోజు విడిచి రోజు కురుస్తోంది. ఆరేసిన బట్ట ఆరడం లేదు. వీధిలో లారీలు తొక్కిన బురద గుమ్మం దాకా వస్తోంది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ పాత నంబరు పలకడం లేదు, కొత్తది మీ అక్క మాకు ఇవ్వలేదు. అందుకని వీరేంద్రే అన్నాడు, నీ సేత్తో రాయమ్మా, నువ్వు రాత్తే సదవకుండా ఉండదు, నువ్వంటే దానికి పేమ అని. కవరూ కాగితాలూ వాడే తెచ్చాడు. పెన్ను కూడా కొత్తది. ఇప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో కాగితం పూర్తవగానే అందుకుని చదువుతున్నాడు. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉందట. ఏడో తరగతిలో బడి మాని చేపల తట్ట నెత్తికెత్తుకున్నదాన్ని, ఇంతకంటే ముత్యాల్లా ఎక్కడ రాయను చెప్పు.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం మీ బావగారు వీరేంద్రతో ఫోన్లో మాట్లాడుతూ ఒక మాట చెప్పారట. వీడు ఆన్‌లైన్‌లో పెట్టే ఫోటోలు నువ్వు మీ అక్క ఫోన్లో చూస్తున్నావని. టాఫీని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయావని. నోరులేని జీవాన్ని ఇంత అపురూపంగా చూసుకునేవాడు పెళ్ళాన్ని మాత్రం చూసుకోడా అన్నావని. దసరాకి ముందే వచ్చెయ్యాలన్నంత మెత్తబడ్డావని. ఇక వీడి సంబరం చూడాలి! 26 శుక్రవారం బాగుందని పంతులుగారిచేత చెప్పించుకున్నాడు, కారు కూడా మాట్లాడేశాడు. పాత ఊసులేవీ ఎత్తొద్దన్నాడు. టాఫీని నానెలగ సూసుకుంతన్నానో అది రాయి సాలు, మిగతాది దానికే తెలుత్తాది అన్నాడు. సరే, అదే రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన రెండు మూడు నెలలకి, ఫిబ్రవరిలో తెచ్చాడు టాఫీని. బిస్కెట్ రంగు, గుప్పెడంత మొహం. మా పుట్టింట్లో కుక్కల్ని పెంచడమనేదే ఎరగం. పెదజాలారిపేట ఒడ్డున అవి వాటంతట అవే పెరిగేవి. మా నాన్న వేట నుంచి వచ్చే వేళకి తెప్ప చుట్టూ మూగేవి. వలలో పడ్డ పనికిరాని చేపలు విసిరితే తినేవి, లేకపోతే తమ దారిన పోయేవి. వాటికి పేరు పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. అలాంటి ఇంట పుట్టినదాన్ని ఇప్పుడు కుక్కకి షాంపూ రుద్దుతున్నాను, నా రాత చూడు.

వీరేంద్ర దాన్ని చూసుకునే తీరు చెబితే నమ్మవు. దాని తిండి సంచీ మన బియ్యం బస్తా కంటే ఖరీదు. జులైలో జ్వరం వచ్చి మూలుగుతుంటే దుప్పట్లో చుట్టి, ఆటో దొరక్కపోతే వానలో భుజాన వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డ్యూటీ మానేసి పక్కనే కూర్చున్నాడు. నీకు డెంగీ వచ్చినప్పుడు నీ మంచం పక్కన ఎలా కూర్చున్నాడో గుర్తుందా, అచ్చం అలాగే. వాడి ప్రేమలో లోటు వెతకలేం తల్లీ. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

ఇక క్రమశిక్షణ. గిన్నెలో తిండి పెట్టినా, వాడు తిను అంటే తప్ప టాఫీ ముట్టదు. ఒకసారి పొద్దుటి షిఫ్టుకి హడావుడిగా పోతూ గిన్నె పెట్టాడు కానీ ఆ మాట అనడం మరిచిపోయాడు. అది గిన్నె ముందు కూర్చుండిపోయింది. చొంగ కారి నేలంతా తడిసింది గానీ మూతి పెట్టలేదు. తినవే తల్లీ అని బతిమాలాను. చేత్తో తీసి నోటికి అందించాను. మొహం పక్కకి తిప్పేసుకుంది. మధ్యాహ్నం వాడు వచ్చి చూసి ఎంత పొంగిపోయాడనుకున్నావు! పక్క వాటాలో ఎండుచేపలమ్మే సీతాలు లేదూ, దాన్ని కేకేసి పిలిచి మరీ చూపించాడు. సూసావా పిన్నీ, నాను సెప్పీదాకా ముట్టలేదు, పేమంటే ఇదీ అన్నాడు. సీతాలు తల ఊపి వెళ్ళిపోయింది.

హాల్లో టీవీ పైన చిన్న కెమెరా పెట్టించాడు. డ్యూటీలో ఉన్నా వాడి ధ్యాసంతా ఇంటి మీదే. అందులోంచి మాట కూడా వినబడుతుంది. టాఫీ సోఫా ఎక్కిందనుకో, స్టీలు ప్లాంటులో టీ తాగుతూనే ఫోన్లో చూసి దిగు అంటాడు, ఇది ఠక్కున దిగుతుంది. మొదట్లో నాకు అలవాటు లేక ఒక తమాషా జరిగింది. మోకాళ్ళు లాగుతున్నాయని సోఫాలో నడుం వాల్చాను, టాఫీ వచ్చి నా కాళ్ళ దగ్గర ముడుచుకుంది. ఇద్దరికీ కునుకు పట్టేసరికి, దిగు అని గట్టిగా వినబడింది. అది దిగింది. నేనూ దిగి నిలబడ్డాను. నిన్ను కాదమ్మా అని వాడు ఒకటే నవ్వు. అక్కడ వాడి జట్టువాళ్ళు కూడా నవ్వడం వినబడింది. అప్పటి నుంచి నేను సోఫాలో కూర్చోవడం లేదు. నేలే చల్లగా బాగుంటుంది.

కొట్టడం మాత్రం లేదు. ఇది గట్టిగా రాయమన్నాడు, అందుకే కింద గీత కూడా గీశాను. ఒకరోజు సీతాలు పిలిస్తే టాఫీ తోక ఊపుకుంటూ వాళ్ళ గుమ్మంలోకి పోయింది. దానికి వాడు ఒక్క దెబ్బ వెయ్యలేదు. రెండు రోజులు దాని వైపు చూడలేదు, అంతే. తిండి పెట్టాడు, నీళ్ళు పెట్టాడు, కళ్ళెత్తి మాత్రం చూడలేదు. అది వాడి వెనకే గది గదికీ తిరిగింది. వాడి చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంది. చివరికి పొట్ట నేలకి రాసుకుంటూ పాక్కుంటూ వచ్చి వాడి పాదాలు నాకింది. అప్పుడు ఎత్తి ఒళ్ళో వేసుకుని ముద్దులే ముద్దులు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నన్ను ఫోటో తియ్యమన్నాడు. నువ్వు చూసి ఆగిపోయిన ఫోటో అదే.

ఇప్పుడది ఎవరు పిలిచినా వెళ్ళదు. సీతాలు చేపతల చూపించినా ముందు కెమెరా వైపు చూస్తుంది. ఇంత తెలివి మనుషులకే ఉండదు. వాడు ఇది చదివి, బాగా రాసినావమ్మా అని నా భుజం తట్టాడు.

నీ గది నువ్వు విడిచివెళ్ళినట్టే ఉంది. నీ బట్టలన్నీ వాడే మడతపెట్టి బీరువాలో సర్దాడు, తాళంచెవి తన దగ్గరే భద్రంగా ఉంచుకున్నాడు. నీకు కొత్త ఫోను కొన్నాడు. ఎవరెవరి నంబర్లు ఉండాలో అన్నీ తనే చూసి పెట్టాడు. ఉద్యోగానికి పోయి ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదట, ఇంట్లో టాఫీకి తోడుగా ఉంటే చాలట. సాయంత్రం వీధిలోకి టాఫీతో వెళ్ళాలన్నా ముగ్గురూ కలిసే వెళ్ళవచ్చు. ఇంతకంటే ఆడదానికి ఏం కావాలి?

మీ అక్కకీ బావగారికీ నా నమస్కారాలు. పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
ఎప్పుడూ నీ బాగు కోరే
అత్తయ్య,
వరహాలమ్మ

తా.క. ఇది గురువారం, బురుజుపేటలో రాస్తున్నాను. వాడు కవరు అంటించబోతుంటే, కనకమహాలక్ష్మి అమ్మవారి కుంకుమ పొట్లం అందులో పెట్టి పంపితే ధనశ్రీ రాకుండా ఉండదురా అన్నాను. వాడికి నచ్చింది. కుంకుమ పెట్టి అక్కడే అంటించి పోస్టులో వేసెయ్యమని, కవరిచ్చి బస్సెక్కించి పంపాడు. గుడి పక్క అరుగు మీద కూర్చుని, కొబ్బరికాయలమ్మే పిల్లని పెన్ను అడిగి రాస్తున్నాను. మీ అక్కకి ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. నేను ఎక్కడున్నానో, ఎవరితో మాట్లాడానో వాడి ఫోనులో కనబడుతుంది.

పైన రాసినదంతా వాడు చదివాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. అందుకే వాడికి ఏ మాటా తప్పనిపించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న టాఫీ, ఫిబ్రవరిలో తెచ్చిన టాఫీ కాదు. అది మే నెలలో చచ్చిపోయింది. సీతాలు గుమ్మంలో చేపతల తింటూ, వాడు పిలిచినప్పుడు వెంటనే రాలేదు. అదొక్కటే అది చేసిన తప్పు. పడమటి బాల్కనీలోకి తోసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళిపోయాడు. నానొచ్చీసరికి బుద్దొత్తాదిలే అన్నాడు. అక్కడ ఎండ ఎలా కాస్తుందో నీకు తెలుసు, నువ్వే వడియాలు పెట్టేదానివి. హాలు కిటికీ ఊచల్లోంచి చెంబుతో నీళ్ళు పోశాను. నాలుకతో నేల నాకింది. ఇంకో చెంబు పోయబోతుంటే కెమెరాలోంచి, అమ్మా, కిటికీ మూసీ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను మూసేశాను ధనశ్రీ. చాలాసేపు తలుపు గీకింది. తర్వాత గీకలేదు.

వాడు వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. అన్నం మానేశాడు. ఇలగవుద్దని అనుకోలేదమ్మా అని నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. నీ చెయ్యి విరిగిన రోజు ఆసుపత్రి వరండాలో కూడా నాతో ఇదే మాట అన్నాడు. తర్వాత ఎక్కడ వెతికాడో, అదే రంగుది, అంత ఈడుదే ఇంకోటి తెచ్చాడు. పాత పట్టీ దాని మెడకి కట్టి టాఫీ అని పిలిచాడు. బయట ఎవరితోనూ అనొద్దన్నాడు. ఈమధ్య నాతోనే, టాఫీ సిన్నప్పుడు ఇలగ సేసీది, అలగ సేసీది అని ముచ్చట్లు చెబుతున్నాడు. వాడి లెక్కలో ఏదీ చావలేదు. నా మాట మీద అనుమానముంటే ఫోటోలు వెనక్కి జరిపి చూసుకో. మొదటి దాని ముక్కు మీద గులాబీరంగు మచ్చ ఉంటుంది, దీనికి లేదు.

కుక్కని చూసే తీరును బట్టి మనిషిని తెలుసుకోవచ్చు అన్నట్టు మాట్లాడావట. నిజమే తల్లీ, తెలుసుకోవచ్చు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మరి నువ్వెందుకు అక్కడ ఉండడం, బయటికి వచ్చెయ్యి అత్తయ్యా అంటావు. నీ మనసు నాకు తెలుసు. గోపాలపట్నంలో మా తమ్ముడింటికి ఒకసారి వెళ్ళాను కూడా. వీరేంద్ర వచ్చి వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. నేను చెప్పులేసుకుని వెనకాలే వచ్చేశాను. వాడు ఏడిస్తే నాకు కాళ్ళు ఆగవు. కన్నదాన్ని, వాడిని మార్చలేను, వదలలేను, పోలీసులకి అప్పగించలేను. నా చేతనయింది ఈ కాగితం ఒక్కటే. చదివాక చించెయ్యి. నాకు జవాబు రాయకు.

వాడు 26 శుక్రవారం కారులో వస్తాడు. మీ గుమ్మంలో కూర్చుని ఏడుస్తాడు. ఆ ఏడుపు నిజమే. తలుపు తియ్యకు.