మోదుగుపూలు ఆరినయ్

సునీతక్కా,

నీ అడ్రస్ తెల్వదు, అయినా రాస్తున్న. నువ్వు వేసిన మోదుగుపూల పెయింటింగ్ ఆరింది. ఇయ్యాల ముట్టిచూస్తే వేలికి ఎరుపు అంటలే.

తెలంగాణ బంద్ ముందురోజు బస్సెక్కుకుంట ఏమన్నవ్? “ఆయిల్ కలర్ జల్ది ఆరదే పిచ్చీ. ఆరేలోపట వచ్చి నిన్ను గూడ తీస్కపోత. డాడీకి చెప్పకు.” నేను నమ్మి, అక్క నర్సాపూర్ అడివికి బొమ్మ గియ్యనీకి పోయిందని డాడీకి అబద్ధం చెప్పిన. నువ్వేమో హైదరాబాద్‌ల పెండ్లి చేసుకున్నవంట. నా నోరు మూయించనీకే గా మాట అన్నవ్. నువ్వు పోయేది నాకు ముందే తెల్సని డాడీకి ఎక్కడ తెలుస్తదోనని, ఆయన చెప్పుల సప్పుడైతే సాలు పెరట్లకు ఉరుకుతున్న.

మమ్మీ ఏడుస్తుంటే సూడలేక, బొమ్మ ఆరేలోపట నువ్వొస్తవని ఆమెకొక్కదానికే చెప్పిన. అప్పట్నుంచి రోజూ అడుగుతది. ఇయ్యాల గూడ లోపటికి రాకుండ, గుమ్మంలనే నిలబడి అడిగింది.

“ఆరిందా బిడ్డా?”

“లే మమ్మీ, ఇంకా పచ్చిగనే ఉంది. ముట్టకు” అన్న.