మునెమ్మకు నేను మాటిచ్చిన ఆదివారాలు

అక్కకు,

నీ చెల్లి రూతు వందనాలు. నువ్వు, బావ, పిల్లలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లెక్కే వార్డు నుంచి మార్చమని మీ పెద్ద సిస్టరును అడిగావా, లేక ఎప్పటిలాగే మొహమాటపడి ఊరుకున్నావా? పెద్దమ్మకు కంటి ఆపరేషను తర్వాత బైబిలు అక్షరాలు ఆనుతున్నాయా? నేను బాగున్నాను. దేవుని దయవల్ల ఒంట్లో ఏ బాధా లేదు. వేళకు తింటున్నాను. నువ్వు మొదట అడిగేది అదే కాబట్టి ముందే రాశాను.

రోజు మార్చి రోజు ఫోనులో మాట్లాడుకుంటూ ఇప్పుడు ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో నీ గొంతు వింటే నేను చెప్పాల్సింది చెప్పలేను. రెండుసార్లు మొదలుపెట్టాను. నువ్వు "తింటివా?" అన్నావు, నేను "తింటి" అన్నాను, అంతటితో ఆగిపోయింది. కాగితం మధ్యలో అడ్డుపడదు.

ఇక్కడ చలి తగ్గింది కానీ వాన వదలడం లేదు. మా ఊరు చిన్నది, యూనివర్సిటీ తప్ప వేరే సందడి లేదు. యూనివర్సిటీ ఆఫీసులో నా పని నీకు తెలిసిందే. ఏడాదికి రెండుసార్లు మన వైపు వచ్చి, మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో హాళ్ళు తీసుకుని, పిల్లలకూ తల్లిదండ్రులకూ మా చదువుల గురించి చెప్పి చేర్పించడం. పిల్లల ముందు ఇంగ్లీషు మాట్లాడతాను. తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసరికి మన మాట మాట్లాడతాను. "రూతు మాట్లాడితే వాళ్ళకు సొంత మనిషి మాట్లాడినట్టు ఉంటుంది" అని మా మేనేజరు అందరి ముందూ మెచ్చుకుంటాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయేదాన్ని.

పోయిన నెల పని మీద లండన్ పంపారు. శుక్ర, శనివారాలు పని, సోమవారం మీటింగు, మధ్యలో ఆదివారం ఖాళీ. ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయినా లండన్‌ను తీరిగ్గా చూసింది లేదు. గుడికి కూడా పోకుండా పొద్దున్నే బయలుదేరాను. రెండంతస్తుల బస్సులో పైన, ముందు సీటులో కూర్చున్నాను. నది మీద వంతెన దాటి నడిచాను. ఎంత జనమక్కా! ఒకరి భుజం ఒకరికి తగులుతున్నా ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఒక పెద్ద సంతలో టమోటాలను కాడతో సహా గుత్తులుగా, పూలను పేర్చినట్టు పేర్చి పెట్టారు. మన మదనపల్లె మార్కెట్ యార్డులో లారీల కొద్దీ కుమ్మరించే కాయను ఇంత గారాబంగా పెట్టడం చూసి నవ్వు వచ్చింది. అంతలోనే సంగటి మీదికి మనసు పోయింది. ఈస్ట్ హామ్ అనే చోట మన సరుకులన్నీ దొరుకుతాయని విన్నాను. రాగిపిండి కొందామని రైలెక్కాను.

ఆ వీధిలో అడుగుపెడితే చెన్నై బజారే. ఒక కూరగాయల అంగట్లోకి వెళ్ళాను. మునక్కాయలు కట్టలు కడుతున్న పిల్ల తలెత్తి చూసి, చేతిలో కట్ట వదిలేసి "అక్కా! రూతక్కా!" అని కేక పెట్టింది.

నేను పోల్చుకోలేదు. ఆఫీసు నవ్వు ఒకటి ఉంటుంది కదా, అది నవ్వి ఇంగ్లీషులో ఎలా ఉన్నావని అడిగాను.

"నేనక్కా, పవిత్రను. రామకుప్పం. కుప్పంలో కల్యాణమండపంలో మా అమ్మతో మాట్లాడితివే!"

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళమ్మ నీకూ గుర్తుండాలి. టమోటా లోడుతో యార్డుకు వచ్చినప్పుడల్లా ఆసుపత్రిలో నిన్ను వెతుక్కుంటూ వచ్చి రాగిపిండీ చెనక్కాయలూ ఇచ్చి పోతుందని చెప్పావే, ఆ మునెమ్మ కూతురు. "మీ సెల్లెలు మా పాపను కన్నబిడ్డ మాదిరి సూసుకుంటాండాది" అని ఆమె అన్నదని, నువ్వు ఆ సంతోషంతో ప్రార్థన కూటంలో లేచి సాక్ష్యం చెప్పి, నా కోసం దేవునికి స్తుతి చెల్లించావని ఫోనులో చెప్పావు. ఆ రోజు నేను నిన్ను ఆపలేదు. మర్యాదకు ఏదో అని ఉంటుందిలే అనుకున్నాను. నిజం రాస్తున్నానక్కా, ఏ మునెమ్మో, ఏ పవిత్రో కూడా అప్పుడు నాకు తట్టలేదు.

పోయిన ఏడు కుప్పంలో మీటింగు అయ్యాక ఆమె అందరికన్నా వెనక ఆగింది. చదువు గురించి ఒక్క మాట అడగలేదు. "అమ్మా, మా పాప ఎప్పుడూ ఒకతే ఉండలేదు. ఆడ దానికి ఎవురుండారు?" అని అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "యాల భయపడతావమ్మా, నేనుండాను కదా. ఆదివారం ఆదివారం పోయి సూసి వస్తా" అన్నాను. నువ్వు మదనపల్లె ఆసుపత్రిలో నర్సువని కూడా చెప్పాను. పవిత్ర చదివేది లండన్‌లో ఉన్న మా శాఖలో. మా ఊరి నుంచి రైల్లో మూడు గంటల దారి. వెళ్ళనని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. పిల్ల వచ్చి ఏడు నెలలయినా ఒక్కసారి వెళ్ళలేదు.

అంగడి యజమాని శ్రీలంక జాఫ్నా తమిళాయన, మంచివాడు. "పోయి టీ తాగి రామ్మా" అని పవిత్రను పంపాడు. పక్క సందులో బల్ల మీద కూర్చున్నాము. పిల్ల చిక్కిపోయింది. అయినా మొహంలో కోపమేమీ లేదు. టీ తనే తెచ్చింది, నన్ను డబ్బులివ్వనివ్వలేదు. ఇంతలో దాని ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. పవిత్ర ఎత్తకుండా నా వైపు తిరిగింది.

"అక్కా, ఒక మాట. నేను మా అమ్మకు అబద్దం చెప్పినా. నువ్వు ప్రతి ఆదివారం వస్తాండావని చెప్పినా. లేకుంటే ఆ యమ్మ అన్నం తినదు. తప్పయిపోయింది, ఏమీ అనుకోవద్దక్కా. ఒక్క నిమిషం మాట్లాడు."

ఆ పిల్ల నన్ను క్షమాపణ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే వీడియోలో మునెమ్మ వచ్చేసింది. వెనక ఖాళీ టమోటా పెట్టెలు కనిపిస్తున్నాయి. తోటలోంచి అప్పుడే వచ్చినట్టుంది, తలగుడ్డ కూడా తీయలేదు.

"ఏమ్మా, బాగుండావా? నీకూ ఇల్లూ వాకిలీ ఉంటాది కదా తల్లీ. ప్రతి వారం యాల అంత దూరం తిరుగుతావు? పాపకు జొరమొచ్చినప్పుడు గంజి కాచి తాపినావంట. నీ కడుపు సల్లగుండ!"

"పర్వాలేదమ్మా" అన్నాను. అంతే అన్నాను, అక్కా. ఆ గంజి పుణ్యం కూడా పుచ్చుకున్నాను.

ఫోను పెట్టేశాక అడిగాను. "జ్వరం వచ్చినప్పుడు ఎవరు చూశారు?"

"ఎవురూ లేదక్కా. రూములో ఉండే అమ్మాయి పనికి పోయేది. నేనే లేచి కాచుకున్నా."

"నాకు ఎందుకు చెప్పలేదు?" ఆలోచించకుండా వచ్చేసింది ఆ మాట.

పవిత్ర గ్లాసులోకి చూస్తూ, "మెసేజ్ పెట్టినా అక్కా. నువ్వు బిజీగా ఉన్నింటావు" అంది.

రాగిపిండి కొనకుండానే తిరుగు రైలెక్కాను. జనం మధ్య నిలబడి పాత మెసేజులు వెతికాను. ఉన్నాయి. "అక్కా, దిగినాను." తర్వాత, "అక్కా, మీరిచ్చిన కాలేజీ పుస్తకంలో ఫోటోలో ఉన్న చెట్లు ఈడ లేవు. కాలేజీ అంటే ఆఫీసు బిల్డింగులో రెండంతస్తులే ఉండాయి. నేను సరిగ్గా వచ్చినానా?" తర్వాత, "అక్కా, నాలుగు దినాల్నుంచి జ్వరం. ఈడ డాక్టరు దగ్గరికి ఎట్ల పోవాల?" అన్నీ నేను చదివినవే. చదివినట్టు గుర్తు కూడా పడి ఉంది. నువ్వు రాత్రింబగళ్ళు ముక్కూమొహం తెలియని వాళ్ళ జ్వరాలు చూస్తావు. నీ చెల్లెలు ఒక్క లైను రాయలేకపోయింది. ఆ రైల్లో ఎవరూ నన్ను చూడడం లేదు, అయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు రోజులు ఊరికే గడిపాను. మూడో రోజు పవిత్రకు ఫోను చేసి, మీ అమ్మకు నిజం చెప్పేస్తానన్నాను. మొదట వద్దని ఏడ్చింది. కాసేపయ్యాక, "సరే చెప్పుకో అక్కా. ప్రతి ఆదివారం కొత్తగా ఒకటి అల్లి చెప్పాలంటే నాతో కూడా అయ్యేది లేదు" అంది.

మునెమ్మ రెండో రింగుకే ఎత్తింది. తిరగకుండా చెప్పేశాను. నేను ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదని, పాప చెప్పింది ఆమె బెంగపడకూడదని చెప్పిందని, తప్పంతా నాదని.

"అయితే గంజి?" అంది మునెమ్మ.

"నేను కాచలేదమ్మా. పవిత్రే కాచుకుంది."

"జొరంలో లేసి కాచుకునిందా."

తిట్టలేదక్కా. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. "ఆ పొద్దు నువ్వు మా మాదిరి మాట్లాడితివి. అందుకే నమ్మితి" అంది. అది నిజమే కదా. మనం పుట్టి పెరిగిన మాటను నేను అక్కడ ఎరగా వాడుకున్నాను.

"ఇప్పుడన్నా పోతావా?" అని అడిగింది.

ప్రతి ఆదివారం పోతానమ్మా అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. ఎంత అలవాటైపోయిందో చూడు. మింగేసి, "నెలకొక తూరి పోగలనమ్మా. అంతకన్నా పోలేను" అన్నాను.

"నెలకొక తూరే చెప్పు. పాపకు కూడా అదే చెప్పు. ఆదివారం ఆదివారం అనొద్దు" అని పెట్టేసింది. ఉంటానమ్మా అని కూడా అనలేదు.

మొన్న శనివారం మొదటిసారి వెళ్ళాను. పొద్దున ఒక డాక్టరు దగ్గర దాని పేరు రాయించాను. దానికి ఒక్క కాగితమూ పావుగంటా సరిపోయింది. ఆ పావుగంట కోసమే పిల్ల ఏడు నెలలు ఎదురుచూసింది. తర్వాత ఊరు చూద్దాం పదమన్నాను. రూము, అంగడి, క్లాసు తప్ప పవిత్ర లండన్‌లో ఏమీ చూడలేదట. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటులో కూర్చోబెట్టాను. వంతెన రాగానే లేచి నిలబడింది. నీళ్ళు చూపిస్తానని అమ్మకు వీడియో కలిపింది. కాసేపు నది, పడవలు, జనం చూపించి, "అమ్మా, రూతక్క వచ్చిండాది" అని ఫోను నా వైపు తిప్పింది.

మునెమ్మ నన్ను చూసింది. నవ్వలేదు.

"ఎన్ని గంటలకు వస్తివి?" అంది.

"పదిన్నరకమ్మా."

"మళ్ళా ఎన్ని గంటలకు పోతావు?"

"అయిదు గంటల రైలుకు."

"సరే. పాపకు ఇయ్యి" అంది.

ఆమె ఇప్పుడు నన్ను నమ్మడం లేదక్కా. అడిగి, గంటలు తెలుసుకుని, తర్వాత పాపను కూడా అడిగి సరిచూసుకుంటుంది. అలాగే చేయనీ. ఆ రెండు జవాబులూ ఎంత సరిచూసినా తప్పు దొరకనివి.

జూన్‌లో పుంగనూరులో మీటింగు పెట్టారు, నేనే రావాలి. ఈసారి లండన్ శాఖ ఉన్న ఆ ఆఫీసు బిల్డింగు ఫోటో చూపిస్తానని మేనేజరుకు చెప్పాను. "అది చూపిస్తే ఎవరు వస్తారు?" అన్నాడు. ఇంకా తేలలేదు. ఈ ఉద్యోగంలో ఉంటానో లేదో తెలియదు. నువ్వు బెంగపెట్టుకోకు, నాకు తిండికీ గుడ్డకూ లోటు లేదు.

మునెమ్మ ఈసారి యార్డుకు వస్తే నీ దగ్గరికి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. నా తరఫున క్షమాపణ మాత్రం అడగొద్దు. రామకుప్పం వెళ్ళి ఆమె ఎదుట నేనే అడగాలి. కూటంలో నువ్వు చెప్పిన సాక్ష్యం గురించి ఏం చేయమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. నీ మనసుకు తోచినట్టు చెయ్యి. అందరి ముందూ ఈ ఉత్తరమే చదివినా నేను తప్పుపట్టను.

బావకు, పెద్దమ్మకు, పాస్టరమ్మగారికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మోకాలికి వేడినీళ్ళ కాపడం మానొద్దు. నా కోసం ప్రార్థన చేసేటప్పుడు పవిత్ర పేరు ముందు చెప్పి, నా పేరు తర్వాత చెప్పు. కోపం తీరాక ఫోను చెయ్యి. తీరకపోయినా చెయ్యి.

నీ దీవెన అడుగుతూ,
నీ చెల్లి
రూతు